ఇంజిన్ లోపలి ఎండాకాలం

మే నెల రెండో వారం, మధ్యాహ్నం మూడున్నర. పాప కోచింగ్ ఫీజు కట్టడానికి అదే ఆఖరు రోజు. చర్లపల్లిలో డ్యూటీ నుంచి గంట ముందే పర్మిషన్ తీసుకుని అమీర్‌పేట బయల్దేరాను. తార్నాక, మెట్టుగూడ దాకా బండి హాయిగా వచ్చింది. ప్యారడైజ్ దాటాక రసూల్‌పురా సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ మొత్తం ఆగిపోయింది. ముందు ఆర్టీసీ బస్సు, పక్కన ఆటో, వెనక ఇంకో బస్సు. ఇరవై నిమిషాల్లో పట్టుమని యాభై అడుగులు కూడా కదల్లేదు.

పది నిమిషాలయ్యాక న్యూట్రల్ పడడం మానేసింది. ఫస్టు నుంచి సెకండుకు పోతోంది, మధ్యలో ఆగదు. క్లచ్ పట్టుకుని పట్టుకుని ఎడమచెయ్యి లాగేస్తోంది. ఇంజిన్ వేడి మోకాళ్లకు కొడుతోంది. అంతకుముందు వినపడని ట్యాపెట్ సౌండ్, అంటే వాల్వుల దగ్గరి చప్పుడు, టకటకమని పైకి తేలింది. ఇంజిన్ ఆపేసి, బండి దిగి, నెట్టుకుంటూ పక్కకు తీశాను. గోడ నీడలో పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కింది గీతను కూడా తాకలేదు. పుల్ల చివర అంటిన ఆ కాస్త చుక్కను వేళ్ల మధ్య రాస్తే పట్టే లేదు, నీళ్లలా జారింది.

నేను పద్దెనిమిదేళ్లుగా ల్యాబులో లూబ్రికెంట్ ఆయిళ్లు పరీక్షించే పనిలో ఉన్నాను. ఫ్యాక్టరీల గేరుబాక్సులు, జనరేటర్లు, లారీల నుంచి తీసిన ఆయిల్ సీసాలు రోజూ నా బల్ల మీదికి వస్తాయి. అలాంటిది నా బండి ఆయిల్ మార్చి 4,800 కిలోమీటర్లు అయింది, మూడు నెలలుగా పుల్ల తీసి చూసింది లేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను. దారిలో ఒక లీటరు డబ్బా కొని, తక్కువైనంత పోసుకుని, ఫీజు కట్టి ఇల్లు చేరాను. పోసే ముందే పాత ఆయిల్ కొంచెం ఒక చిన్న సీసాలోకి తీసి పెట్టుకున్నాను.

మర్నాడు లంచ్ టైములో ఆ సీసాను పరీక్షకు పెట్టాను. చిక్కదనం కొలవడమంటే పెద్ద యంత్రాలేమీ ఉండవు. సన్నటి గాజు గొట్టం, దాని మీద రెండు గీతలు, స్టాప్‌వాచ్. గొట్టాన్ని వేడి తొట్టిలో నిలబెట్టాలి. తొట్టి సరిగ్గా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. సరిగ్గా అంటే డిగ్రీలో యాభయ్యో వంతుకు మించి అటూ ఇటూ కదలకూడదు. ఆ పని మీద కొత్తగా చేరిన పిల్లలు ఇంత పట్టింపు ఎందుకు సార్ అని అడుగుతారు. వేడి కాస్త మారినా ఆయిల్ పరుగు మారిపోతుంది, అందుకే. మామూలుగా ఆయిల్ పై గీత నుంచి కింది గీతకు దిగే టైము చూస్తాం. వాడిన నల్లటి ఆయిల్ గాజుకు పట్టుకుని గీతను కప్పేస్తుంది కాబట్టి దానికి వేరే రకం గొట్టం ఉంటుంది. అందులో ఆయిల్ ఖాళీ బుడ్డిలోకి కింది నుంచి పైకి ఎక్కుతుంది. నల్లటి అంచు మొదటి గీతను తాకగానే వాచ్ నొక్కాను. 282 సెకన్లకు రెండో గీతను తాకింది. గొట్టం లెక్క 0.05తో గుణిస్తే 14.1 సెంటీస్టోక్స్. చిక్కదనానికి కొలత అదే, అంకె పెరిగితే ఆయిల్ చిక్కన.

నా 150 సీసీ బండికి కంపెనీ చెప్పింది 20డబ్ల్యూ-50 అనే గ్రేడు ఆయిల్. డబ్బా మీద చివర 50 అని రాయాలంటే 100 డిగ్రీల దగ్గర కనీసం 16.3 సెంటీస్టోక్స్ ఉండాలి. కొత్తగా పోసినప్పుడు అది 18 చిల్లర. అంటే నేను 50 పోసి, తెలియకుండా ఒక మెట్టు పలచనైన 40 గ్రేడు మీద తిరుగుతున్నాను, అదీ తక్కువ ఆయిల్‌తో.

అది ఎందుకు పలచబడిందో చెప్పే ముందు మా తాత సంగతి చెప్పాలి.

మాది నల్గొండ వైపు పల్లె. ఆ చెలకల్లో ఆముదాలు బాగా పండేవి. తాతకు ఎడ్లబండి ఉండేది. ఇరుసుకు వేసే కందెనను ఇంట్లోనే కలిపేవాడు. గడ్డి కాల్చిన మసి, ఆముదం. చిన్న వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. నాకు బాగా గుర్తున్నది ఆ కలిపే తీరు. చలికాలంలో ఆముదం ఎక్కువ పోసి జారుడుగా కలిపేవాడు. ఎండలు ముదిరాక మసి ఎక్కువేసి ముద్దలా చేసేవాడు. ఎందుకు తాతా అంటే, ఎండకు కారిపోతది బిడ్డా అనేవాడు. కందెన వెయ్యని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత మా ఊళ్లో వింటూ పెరిగినవాణ్ణి నేను. ఎండాకాలం గట్టిది, చలికాలం పలచది అన్న లెక్క మా తాతకు చేతిలోనే ఉంది.

ఆముదానికీ మోటారు ఆయిల్‌కూ చుట్టరికం కూడా ఉంది. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచే వచ్చింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ తన ఆయిల్‌లో ఆముదం కలిపి ఆ పేరు పెట్టింది.

మా తాత లెక్క ఎడ్లబండికి నూటికి నూరుపాళ్లు సరైనది. ఇబ్బంది ఎక్కడొస్తోందంటే, అదే లెక్కను మనం ఇంజిన్‌కు కూడా వాడుతున్నాం. మా బామ్మర్ది కూడా అదే చేశాడు. వాడు కొండాపూర్, కూకట్‌పల్లి వైపు ఫుడ్ డెలివరీ చేస్తాడు, రోజుకు 120 కిలోమీటర్లకు తగ్గదు. వాడి 100 సీసీ బండికి పుస్తకంలో రాసింది 10డబ్ల్యూ-30. ఏప్రిల్‌లో ఆయిల్ మార్పిస్తే షాపాయన 20డబ్ల్యూ-50 పోశాడు. "ఎండలకు గట్టిది పొయ్యాలె అన్నడు బావా, నాకూ నిజమే అనిపించింది" అన్నాడు. పొద్దున కిక్ బరువుగా ఉంటోందని, గేరు గట్టిగా పడుతోందని, లీటరుకు రెండు మూడు కిలోమీటర్లు తగ్గిందని వాడి కంప్లయింట్.

డబ్బా మీది అంకెల సంగతి ముందు తేల్చుకోవాలి, చాలామందికి అక్కడే తికమక. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె గడ్డకట్టే చలిలో ఇంజిన్ తిరుగుతుందా, పంపు ఆయిల్‌ను లాగగలదా అన్నదానికి గుర్తు. 10డబ్ల్యూని తిరుగుడు పరీక్షకు మైనస్ 25 డిగ్రీల దగ్గర పెడతారు, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర. మన హైదరాబాదులో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. అత్యధికం 1966 జూన్‌లో 45.5. అంటే డబ్ల్యూ ముందున్న అంకె పరీక్షించే చలి మన ఊరికి ఎప్పుడూ రాలేదు. మనకు పనికొచ్చేది రెండో అంకె. అది 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. ఈ లెక్కలు అమెరికాలోని ఎస్ఏఈ అనే వాహన ఇంజినీర్ల సంస్థవి. అందుకే డబ్బా మీద ముందు ఆ మూడు అక్షరాలు ఉంటాయి.

ఇక్కడ 100 డిగ్రీలన్నది ఊరికే పెట్టింది కాదు. వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఉండేది ఆ చుట్టుపక్కలే. బయట జనవరి కావచ్చు, మే కావచ్చు, లోపల ఎప్పుడూ ఎండాకాలమే. కార్లలో నీటిని థర్మోస్టాట్ 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి బయటి ఎండ ప్రభావం ఆయిల్ మీద తక్కువ. మన మామూలు బైకులకు ఆ ఏర్పాటు లేదు. ఇంజిన్ మీది రేకులకు తగిలే గాలే దిక్కు. బయట పది డిగ్రీలు పెరిగితే లోపల ఆయిల్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది. కానీ సిగ్నల్లో గాలి ఆగిపోతే పెరిగేది దానికన్నా చాలా ఎక్కువ. నా బండిని ఆ రోజు ఉడికించింది మే ఎండ కన్నా రసూల్‌పురా జామ్ అంటాను నేను.

బామ్మర్దికి ఇదంతా నోటితో చెబితే తలకెక్కలేదు. ఆదివారం ఇంటికి పిలిచి చేసి చూపించాను. మెడికల్ షాపులో పది ఎంఎల్ సిరంజీలు రెండు తెచ్చి, సూదులు, లోపలి పుల్లలు తీసి పారేశాం. ఒకదానికి 10డబ్ల్యూ-30, ఇంకొకదానికి 20డబ్ల్యూ-50. పాప ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుంది. సిరంజి ముక్కుకు వేలు అడ్డం పెట్టి పది ఎంఎల్ దాకా నింపి, వేలు తీయడం, కింద గ్లాసులోకి ఎంతసేపట్లో దిగుతుందో చూడడం.

హాల్లో ఫ్యాను కింద ఉంచిన ఆయిల్‌తో మొదలుపెట్టాం. 10డబ్ల్యూ-30 యాభై ఐదు సెకన్లలో దిగింది. 20డబ్ల్యూ-50కి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. తరువాత రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలు తీశాం. మొదటిది నాలుగు నిమిషాలకు కాస్త తక్కువ. రెండోది చుక్కగా కూడా తెగకుండా, బెల్లం తీగపాకంలా సాగుతూనే ఉంది. పన్నెండు నిమిషాలు దాటాక పాప లేచి వెళ్లిపోయింది. చివరగా మరిగించి దింపిన నీళ్లలో సీసాలు నిలబెట్టి, ఆయిల్ బాగా వేడెక్కాక పోశాం. మొదటిది ఎనిమిది సెకన్లు, రెండోది పదిహేను. బామ్మర్ది వేడి ఆయిల్ గ్లాసును పట్టుకుని, "గింత తేడానేనా?" అన్నాడు.

వాడడిగిందే అసలు ప్రశ్న. చల్లగా ఉన్నప్పుడు రెండింటి మధ్య నిమిషాల తేడా. వేడెక్కాక ఏడు సెకన్లు. రెట్లలో చూస్తే వేడిలోనూ సుమారు రెండింతలే, కాదనను. కానీ గట్టి ఆయిల్ పోసినందుకు మనం ఎక్కువగా మూల్యం చెల్లించేది పొద్దున కిక్ కొట్టిన దగ్గర్నుంచి మొదటి రెండు మూడు కిలోమీటర్లలో. సన్నటి దారుల గుండా పైన వాల్వులను తెరిచే క్యామ్ దాకా ఆయిల్ ఎక్కడానికి ఆలస్యం. పిస్టన్ ఆ పాకంలో ఈదాలి. ఆ శ్రమ అంతా పెట్రోలు ఖర్చే. బేరింగుల దగ్గర ఉండే తీవ్రమైన ఒత్తిడికి, 150 డిగ్రీల వేడికి ఇంకో పరీక్ష ఉంది. అందులో 30 గ్రేడు కూడా తనకు పెట్టిన కనీస విలువను దాటాల్సిందే. వాడి 100 సీసీ ఇంజిన్‌ను తయారుచేసినవాళ్లు సందులు, పంపు, అన్నీ ఆ 30ని లెక్కలో పెట్టుకునే తీర్చారు.

గట్టి ఆయిలే ఎక్కువ కాపాడుతుందన్న నమ్మకం ఎడ్లబండి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. బండి ఇరుసు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా తిరిగేదాని దగ్గర నూనె నిలవాలంటే ముద్దలా ఉండాల్సిందే. వేగంగా తిరిగేదాని సంగతి వేరు. ఈ తేడా బయటపడ్డ తీరు నాకు చాలా ఇష్టం, చర్లపల్లి ల్యాబులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెబుతాను.

1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇరుసు కింది భాగం నూనె తొట్టిలో మునిగి తిరుగుతుంది, పైన బరువు మోసే బేరింగ్ ఉంటుంది. పై నుంచి నూనె పోద్దామని బేరింగ్‌కు నడినెత్తిన చిన్న రంధ్రం పెట్టాడు. యంత్రం తిప్పగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికి వచ్చింది. పైనున్న బరువంతా ఆ చోటే నొక్కుతోంది, అక్కడి నుంచి నూనె ఎలా పైకొస్తుంది? బెండు బిరడా పెట్టాడు, ఎగదన్నింది. చెక్క బిరడా కొట్టాడు, దాన్నీ మెల్లగా బయటికి తోసేసింది. తిరిగే ఇరుసు నూనెను తానే ఇరుకు సందులోకి లాక్కుని, ఆ పొర మీద బరువునంతా ఎత్తి నిలబెడుతోందన్నమాట. లోహం లోహాన్ని తాకడం లేదు. మూడేళ్లకు, 1886లో, ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ దీనికి లెక్కలు కట్టాడు. అదే వ్యాసంలో ఆలివ్ నూనె వేడెక్కేకొద్దీ ఎలా పలచబడుతుందో కొలిచి సూత్రం కూడా రాశాడు. ఆ పొర నిలవాలంటే చిక్కదనం, వేగం రెండూ కలిసి పనిచేయాలి. ఒకటి తగ్గితే ఇంకొకటి ఆదుకోవాలి.

ఇప్పుడు సిగ్నల్లో ఆగిన బండి సంగతి చూడండి. ఇంజిన్ వేగం నిమిషానికి వెయ్యి చిల్లర చుట్లకు పడిపోయింది. ఆయిల్ పంపు కూడా మెల్లగానే తిరుగుతోంది. గాలి లేక ఆయిల్ కాగిపోయి పలచబడింది. వేగమూ లేదు, చిక్కదనమూ లేదు. ఎనభైలో హైవే మీద పోయే బండికన్నా జామ్‌లో ఊరికే తిరుగుతున్న ఇంజిన్‌కే కష్టం ఎక్కువ. ఆ టకటక అంతా అదే. అందుకే ఇప్పుడు ఉప్పల్ రింగురోడ్డు దగ్గరైనా, తార్నాకలోనైనా నిమిషం దాటి ఆగేలా ఉంటే ఇంజిన్ ఆపేస్తాను.

నా ఆయిల్ 18 నుంచి 14కు ఎందుకు పడింది? మా తాత కాలానికి తగ్గట్టు కలుపు మార్చినట్టే, ఒకప్పుడు కారున్నవాళ్లు చలికాలానికి ఒక ఆయిల్, ఎండాకాలానికి ఇంకొకటి మార్చేవాళ్లు. ఇప్పటి ఆయిల్‌లో పాలిమర్లు కలుపుతారు. పొడవాటి నూలు పోగుల్లాంటి అణువులు. చల్లగా ఉంటే ఉండచుట్టుకుని ఓ మూల పడి ఉంటాయి, వేడెక్కితే విచ్చుకుని అడ్డం పడతాయి. దాంతో ఆయిల్ పలచబడడం కాస్త నెమ్మదిస్తుంది. కాని బైకులో అదే ఆయిల్ ఇంజిన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ. గేరు పళ్ల మధ్య నలిగి ఆ పోగులు తెగిపోతాయి. తెగినవి మళ్లీ అతుక్కోవు. దీనికితోడు కొంచెం పెట్రోలు కూడా రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి దిగుతుంది. మళ్లీ మరీ వేడెక్కితే ఆయిల్ గాలితో కలిసి చెడిపోయి జిగురుగా చిక్కబడుతుంది కూడా. పది డిగ్రీలు పెరిగితే చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని మా పనిలో వాడుక లెక్క. కాబట్టి నల్లబడిందా, పలచబడిందా అని వేళ్లతో రాసి తేల్చలేం. కిలోమీటర్ల లెక్క పెట్టుకోవడం, పుల్ల తీసి చూసుకోవడం, ఇవి రెండే ఇంట్లో మన చేతిలో ఉన్నవి.

కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోసేవాళ్లకు ఒక్క మాట. కారు ఆయిళ్లలో జారుడు పెంచే మందులు ఉండొచ్చు, బైకు క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, జారిపోతాయి. బైకు డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ లేదా ఎంఏ2 అని చూసి తీసుకోండి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ ఉంటుంది.

ఇంకోటి, మా పక్కింటి పెద్దాయన స్కూటర్ రోజూ పాలకేంద్రం దాకా, గుడి దాకా మాత్రమే పోతుంది. ఆయన ఏడాదికి పదిహేను వందలు కూడా తిరగదు బాబూ, ఆయిల్ ఎందుకు మార్చాలి అంటారు. కిలోమీటరు దూరానికి ఇంజిన్ పూర్తిగా వేడే ఎక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు, ఆయిల్‌లోనే ఉండిపోతాయి. మూత తీస్తే లోపల మజ్జిగలాంటి తెల్లటి నురగ కనిపించింది. నెలకోసారైనా ఘట్‌కేసర్ దాకా ఒక చుట్టు వేసి రమ్మని చెప్పాను. వారం కిందట వెళ్లొచ్చారట.

బామ్మర్ది బండిలో 50 తీసేసి మళ్లీ 10డబ్ల్యూ-30 పోశాం. ఆయిల్ తీసేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉండాలి, అప్పుడే అడుగున ఉన్న మడ్డి కూడా కలిసి కారిపోతుంది. అందుకని వాణ్ణి రామంతాపూర్ దాకా తిరిగి రమ్మని పంపి, వచ్చాక నట్టు విప్పాం. పాత ఆయిల్ పళ్లెంలోకి ధారగా దిగి, చివరికి చుక్కచుక్కగా మారేదాకా వాడు కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. రోజూ అంత తిరిగే బండి కాబట్టి రెండు వేల కిలోమీటర్లకు ఒకసారి సగం కప్పు శాంపిల్ తెమ్మన్నాను. నా బండిదీ అంతే, ఈసారి కొత్త ఆయిల్ పోసిన రోజే మీటరు అంకె ట్యాంకు పక్కన స్టిక్కర్ మీద రాసిపెట్టాను.

నిన్న రాత్రి పదకొండింటికి వాడు డ్యూటీ ముగించుకుని వస్తూ వస్తూ దగ్గుమందు సీసాలో శాంపిల్ ఇచ్చిపోయాడు. మూతకు అంటించిన తెల్ల కాగితం మీద పెన్నుతో రాసుంది: 2,060 కి.మీ. అది ఇప్పుడు నా లంచ్ బ్యాగులో ఉంది. రేపు తొట్టి వేడెక్కగానే మొదటి గొట్టం దానిదే.